బ్రూనో పోయాక చిట్టి సరిగ్గా తినడం లేదు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది సీతమ్మధార, అపార్టుమెంటులో రెండో అంతస్తు. మా ఇంట్లో రెండు కుక్కలుండేవి. బ్రూనో లాబ్రడార్, తొమ్మిదేళ్ళు. చిట్టి మా వీధి కుక్క పిల్లే. ఆరేళ్ళ కిందట వానలో ఒంటరిగా దొరికితే తెచ్చుకున్నాం. మేం పెంచామనడం కంటే బ్రూనోయే పెంచాడనాలి. మూడు వారాల కిందట బ్రూనో పోయాడు. జ్వరం వచ్చింది, ముక్కులోంచి రక్తం కారింది, ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయి. టిక్ ఫీవర్ అన్నారు. ఆసుపత్రి నుంచి నేరుగా ఆనందపురం దగ్గర మా మామగారి తోటకి తీసుకెళ్ళి పూడ్చిపెట్టాం. చిట్టికి చూపించలేదు. అప్పటినుంచి అది బ్రూనో గోనెపట్టా వదలడం లేదు. పెట్టిన అన్నంలో సగం మిగిల్చేస్తోంది. లిఫ్టు చప్పుడైతే తలుపు దగ్గరికి పరిగెడుతోంది. మేమంతా బయటికెళ్తే తలుపు గీకి ఊళ పెడుతోందని పక్క ఫ్లాటువాళ్ళు వచ్చి చెప్పారు. కింద ఫ్లాటులో ఉండే మా అత్తగారు "కుక్క ఏడిస్తే ఇంటికి అరిష్టం" అంటున్నారు. మా వారిది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, నాది బ్యాంకు ఉద్యోగం. ఇంకో లాబ్ పిల్లని తెచ్చేస్తే అన్నీ సర్దుకుంటాయని ఆయన అంటారు. ఎవరో పదిహేను వేలకి ఇస్తామన్నారట. ఏడో తరగతి చదివే మా అమ్మాయి ఆ మాట ఎత్తితేనే ఏడుస్తోంది. చిట్టికి చూపించకపోవడం మా తప్పా? దాన్ని మళ్ళీ మామూలుగా ఎలా చెయ్యాలి?
ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, మీరు చిట్టి మనసు గురించి అడిగారు. నేను ముందు దాని రక్తం గురించి మాట్లాడతాను, ఏమీ అనుకోకండి.

టిక్ ఫీవర్ ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి గాలిలో రాదు, ఎంగిలితోనూ రాదు. పిడుదు కుట్టాలి. మీ రెండు కుక్కలూ ఒకే ఇంట్లో పడుకున్నాయి, ఒకే సందుల్లో తిరిగాయి. బ్రూనోని కుట్టిన పిడుదులు చిట్టిని మాత్రం వదిలేశాయని అనుకోవడానికి కారణం కనిపించడం లేదు. మన దగ్గర ఎక్కువగా కనిపించే ఎర్లికియా అనే సూక్ష్మజీవి ఒంట్లోకి చేరిన ఒకటి నుంచి మూడు వారాల్లో జ్వరం తెప్పిస్తుంది. కొన్ని కుక్కల్లో ఆ జ్వరం పైకి తగ్గిపోయినట్టే ఉండి, జబ్బు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ళ తరబడి లోపల దాక్కుంటుంది. బెబీసియా అని ఇంకొకటుంది, అది ఎర్ర రక్తకణాలను పగలగొట్టి కుక్కని పాలిపోయేలా చేస్తుంది. ఇక లక్షణాలు చూడండి: తిండి తగ్గడం, ఎప్పుడూ పడుకునే ఉండటం, ఆటల మీద ధ్యాస లేకపోవడం, సన్నబడటం. మీరు దిగులని రాసిన వాటిలో సగం ఇక్కడే ఉన్నాయి.

తోడు పోయిన కుక్క తినకపోతే ఇంటిల్లిపాదీ "బెంగ పెట్టుకుంది" అని సరిపెట్టుకుంటారు. ఆ మాట నిజమే కావచ్చు, కాకపోవచ్చు. అది తేలేలోగా పది రోజులు గడిచిపోతాయి. బ్రూనో ఏదో తెలియని కారణంతో పోయి ఉంటే నేను ఇంత పట్టుబట్టేవాణ్ణి కాదు. ఇక్కడ కారణం చేతిలో ఉంది. కాబట్టి ఈ వారంలోనే చిట్టికి పూర్తి రక్తపరీక్ష చేయించండి. ప్లేట్‌లెట్ల సంఖ్య, హిమోగ్లోబిన్ చూడాలి. పిడుదుల జబ్బులకి రక్తపు చుక్కతో అప్పటికప్పుడు ఫలితం చెప్పే కిట్లున్నాయి, అదీ అడగండి. ఎర్లికియా ఉందని తేలితే భయపడకండి, తొందరగా పట్టుకుంటే లొంగే జబ్బే. మందు సాధారణంగా నాలుగు వారాలు వాడాలి. నాలుగు రోజులకే కుక్క లేచి తిరుగుతుంది, అక్కడే చాలామంది ఆపేస్తారు. ఆపకండి. ఆ మందు ఖాళీ కడుపున వేస్తే వాంతులవుతాయి, కాస్తయినా తిన్నాకే వెయ్యండి.

పరీక్షకి వెళ్ళేలోగా ఇంట్లో చూసుకోగలిగేవి కొన్ని ఉన్నాయి. చిట్టి పై పెదవి ఎత్తి, కోరపన్ను పైనున్న చిగురుని వేలితో నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. వీధి కుక్కల్లో చాలావాటికి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. అలాగైతే కింది కనురెప్పని కాస్త కిందికి లాగి లోపలి రంగు చూడండి. పొట్ట కింద, తొడల లోపలి వైపు బొచ్చు పల్చగా ఉంటుంది కదా, అక్కడ సూదితో గుచ్చినట్టు ఎర్రటి చుక్కలున్నాయేమో చూడండి. అవి కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరం సంగతి ముక్కు తడి చూసి చెప్పలేం. డిజిటల్ థర్మామీటరు కొనకి వేజలీన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. కుక్కకి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలే, 103 దాటితే జ్వరం కిందే లెక్క. పెద్ద కుక్క ఒక రోజంతా ఏమీ ముట్టకపోయినా, నీళ్ళు తాగడం మానేసినా దిగులని ఇంట్లో కూర్చోకూడదు. మీ చిట్టి సగం తింటోంది కాబట్టి అంత ఆదుర్దా లేదు, కానీ బరువు చూస్తుండండి. మీరు చిట్టిని ఎత్తుకుని తూకం మీద నిలబడి, తర్వాత మీ ఒక్కరి బరువు తీసేస్తే సరి. వారానికోసారి క్యాలెండరు మీద రాయండి. ఉన్న బరువులో పదో వంతు తగ్గిందంటే అది చిన్న విషయం కాదు.

ఇక గోనెపట్టా. దీని దగ్గర నాకు మనసొప్పక పోయినా చెప్పాల్సిందే చెబుతాను. పోయిన కుక్క పడకని వెంటనే తీసెయ్యొద్దని, వాసన ఉన్నన్నాళ్ళూ రెండో కుక్కని పడుకోనివ్వమని మామూలుగా నేనే అంటాను. కానీ మన ఇళ్ళలో కనిపించే గోధుమరంగు కుక్క పిడుదు ఇంట్లోనే కాపురం పెట్టే రకం. రక్తం తాగి ఉబ్బిన ఆడ పిడుదు కుక్క మీంచి రాలిపోయి, గోడ పగుళ్ళలో, గుమ్మం సందుల్లో, గోనె మడతల్లో వేల గుడ్లు పెడుతుంది. చిట్టి ఓదార్పు వెతుక్కుంటున్న చోటే దాన్ని మళ్ళీ జబ్బు పట్టే చోటు. అందుకని పట్టా తీసెయ్యాలి. దాని బదులు బ్రూనో వాడిన తువ్వాలు ఏదైనా బీరువాలో ఉంటే, పిడుదులు లేవని బాగా దులిపి చూసుకుని, చిట్టి పడుకునే కొత్త గుడ్డ కింద పరవండి. కాలరు మీ అమ్మాయి దగ్గర ఉండనివ్వండి. చిట్టి వాసన చూస్తానంటే చూడనివ్వండి, మీరుగా ముక్కు దగ్గర పెట్టకండి. పట్టా తీసిన రోజు అది ఆ మూలకే పోయి ఖాళీ నేల మీద పడుకోవచ్చు. లాగకండి, కొత్త గుడ్డని ఆ మూలకే జరపండి.

పిడుదుల కోసం కిరోసిన్, ఫినాయిల్ కుక్క ఒంటికి రాసేవాళ్ళని నేను ఇప్పటికీ చూస్తున్నాను. రెండూ విషమే, కుక్క నాకి మింగుతుంది కూడా. బరువుని బట్టి నెలకోసారో మూడు నెలలకోసారో వేసే నమిలే బిళ్ళలున్నాయి. చిట్టికి ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉంటే మాత్రం ముందు డాక్టరుకి చెప్పాలి. చెవుల లోపల, వేళ్ళ మధ్య, కాలరు కింద రోజూ తడిమి చూడండి. దొరికిన పిడుదుని చర్మానికి బాగా దగ్గరగా పట్టకారుతో పట్టి నిటారుగా లాగి సబ్బునీళ్ళలో వెయ్యండి. గోళ్ళ మధ్య చిదమకండి. విశాఖ ఉక్కలో పిడుదులకి సెలవు నెలలంటూ లేవు కాబట్టి ఏడాది పొడవునా ఇది తప్పదు.

సరే, రక్తం బాగుంది అనుకుందాం. లేదా మందు మొదలైంది అనుకుందాం. అప్పుడు మిగిలేది మీరు అడిగిన ప్రశ్న.

కుక్కలు తోటి కుక్క కోసం బెంగపడతాయా అంటే, పైకి కనిపించే మార్పు మాత్రం ఖాయంగా ఉంటుంది. కనీసం రెండు కుక్కలుండి వాటిలో ఒకటి పోయిన 426 మంది ఇటలీ యజమానులను అడిగి రాసిన పరిశోధన 2022లో వచ్చింది. వాళ్ళలో 86 శాతం మంది మిగిలిన కుక్క ప్రవర్తన మారిందని చెప్పారు. మనుషుల చుట్టూ ఎక్కువగా తిరగడం, ఆట తగ్గడం, నిద్ర పెరగడం, తిండి తగ్గడం, బెదరడం లాంటివి. దాదాపు మూడో వంతు మందిలో అది రెండు నుంచి ఆరు నెలలు నడిచింది, నాలుగో వంతులో ఆరు నెలలు దాటింది కూడా. మూడు వారాలకే చిట్టి మామూలు కాలేదని కంగారు పడనక్కర్లేదని చెప్పడానికే ఈ లెక్కలు. అందులోనే ఇంకో సంగతి తేలింది: ఎన్నేళ్ళు కలిసి ఉన్నాయన్న దాని కన్నా, ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముఖ్యం. చిట్టిని బ్రూనోయే పెంచాడని రాశారు, కనుక దాని బాధ గట్టిదే అవుతుంది. యజమాని ఎంత కుంగిపోతే మిగిలిన కుక్కలో బెదురు, తిండి తగ్గడం అంతగా కనిపించాయి కూడా. ఇది చదివి మీరు ఏడుపు ఆపుకోకండి. ఏడవండి. కాకపోతే రోజులో కాసేపైనా ఇంట్లో మామూలు గొంతులు వినపడాలి.

చూపించకపోవడం తప్పా అన్నారు. కాదు. పోయిన జంతువుని చూసిన పెంపుడు జంతువులు, చూడనివాటి కంటే తేలిగ్గా తేరుకున్నాయని సర్వేల్లో తేలలేదు. చూపించమని సలహా ఇచ్చేవాళ్ళం ఉన్నాం, ఇంట్లోనే పోతే నేనూ చూపించమంటాను, కాసేపు వాసన చూసి వెళ్ళిపోతాయి. కానీ అది మందు కాదు. ఆనందపురం తోటకి ఇప్పుడు తీసుకెళ్ళి చూపిస్తే ఏమైనా లాభమా అని మీకు అనిపిస్తుందేమో. చిట్టికి ఏమీ ఉండదు, మీ అమ్మాయికి ఉండొచ్చు.

ఇక ఊళ, తలుపు గీకడం. దీన్ని నేను బెంగ నుంచి విడదీసి చూస్తాను. చిట్టి మీ ఇంటికి పసికూనగా వచ్చింది. వచ్చిన రోజు నుంచి బ్రూనో ఉన్నాడు. అంటే ఆరేళ్ళలో అది ఒక్క మధ్యాహ్నం కూడా ఇంట్లో ఒంటరిగా గడిపి ఉండదు. మీరు తాళం వేసి వెళ్ళిన ప్రతిసారీ దానికి ఇల్లు నిండుగానే ఉంది. అది కాలింగు బెల్లుకి మొరగాలా వద్దా అన్నది కూడా బహుశా బ్రూనోని చూసే తేల్చుకుని ఉంటుంది. తిండి వేళ, నిద్ర వేళ, గుమ్మంలో ఎవరొచ్చారు, బెదరాలా తోక ఊపాలా, ఇవన్నీ పెద్ద కుక్క తేల్చేది. ఇప్పుడు అది ఆ స్నేహితుడి కోసమే కాదు, రోజు ఎలా నడవాలో చెప్పేవాడి కోసం కూడా వెతుకుతోంది. స్నేహితుణ్ణి మీరు తెచ్చివ్వలేరు, రోజుని మాత్రం ఇవ్వగలరు. నా సలహా అంతా ఈ ఒక్క ముక్క చుట్టూనే తిరుగుతుంది.

మీ వారి షిఫ్టు వారం వారం మారుతుంటుంది. ఇన్నాళ్ళూ ఆ తేడా చిట్టికి తెలియకుండా బ్రూనో కాశాడు. అందుకని చిట్టి గడియారం ఆయన చేతిలో పెట్టకండి. పొద్దున్న నడక, సాయంత్రం తిండి మీరో మీ అమ్మాయో, వేళ తప్పకుండా చూసుకోవాలి. ఆదివారమైనా అదే వేళ. మధ్యాహ్నానికి మీ అత్తగారున్నారు. ఆవిడతో అరిష్టం గురించి వాదన పెట్టుకోకండి, మన ఊళ్ళల్లో రాత్రి కుక్క ఊళ పెడితే తలుపు తీసి "ఛీ పో" అనని ఇల్లు లేదు. కుక్క ఊళ పెట్టేది దూరమైనవాళ్ళకి "నేనిక్కడున్నాను" అని వినపడేలా చెప్పడానికి. చిట్టి పిలుస్తోంది, అంతే. అందుకని ఆవిడకే ఒక పని అప్పజెప్పండి: మధ్యాహ్నం భోజనమయ్యాక పైకొచ్చి, చిట్టికి కాస్త పెరుగన్నం పెట్టి, టీవీ సీరియల్ అయ్యేదాకా కూర్చుని వెళ్ళమనండి. కుక్కని తిట్టే పెద్దవాళ్ళు చేత్తో ఒక ముద్ద పెట్టడం మొదలుపెట్టాక ఏమవుతుందో మీకూ తెలుసు.

ఒంటరిగా ఉండటం నేర్పించాల్సిన విద్య. ముందు ఫోను ఒక మూల నిలబెట్టి వీడియో పెట్టి, పది నిమిషాలు బయటికెళ్ళి రండి. తర్వాత చూడండి. నాలుగు ఊళలు పెట్టి పడుకుంటే ఒక రకం. ఆగకుండా రొప్పడం, చొంగ కార్చడం, ఒకే చోట తిరగడం, తలుపు చెక్క ఊడేలా గీకడం ఉంటే అది భయం, మొండితనం కాదు, దాన్ని తిట్టి లాభం లేదు. రెండో రకమైతే సాధన మరీ చిన్నగా మొదలవ్వాలి. తాళంచెవి తియ్యండి, చెప్పులేసుకోండి, మళ్ళీ వచ్చి సోఫాలో కూర్చోండి. తాళంచెవి గలగల వింటే లేవడం మానేదాకా ఇదే. తర్వాత తలుపు వేసి అరనిమిషంలో తెరవండి. ఏడుపు మొదలవక ముందే తిరిగి రావాలి, కిటుకంతా అక్కడే ఉంది. అలా నిమిషం, మూడు నిమిషాలు, పది. ఒకరోజు పెంచి ఒకరోజు తగ్గించండి. వెళ్ళేటప్పుడు "అమ్మ వచ్చేస్తుందిరా బంగారం" అని గుమ్మంలో నిలబడి వీడ్కోలు సభ పెట్టకండి. ఈ సాధన నడిచే రెండు మూడు వారాలు దాన్ని నిజంగా గంటల తరబడి ఒంటరిగా వదలకుండా ఉండాలి, అందుకే అత్తగారి మధ్యాహ్నాలు అంత విలువైనవి.

పక్క ఫ్లాటువాళ్ళ దగ్గరికి మీరే వెళ్ళండి. అపార్టుమెంటు సంఘం కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు 2015లోనే చెప్పాయి, కానీ ఆ కాగితం మీరు తీసుకెళ్ళకండి. మధ్యాహ్నం నిద్ర చెడినవాళ్ళకి రూల్సు చదివితే గొడవ పెరుగుతుంది. బ్రూనో పోయాడని, ఇలా అలవాటు చేస్తున్నామని, ఇంకో నెల పడుతుందని చెప్పండి. ఎన్ని గంటలకి మొదలవుతోంది, ఎంతసేపు ఏడుస్తోంది అని అడగండి. మీ వీడియో కన్నా వాళ్ళ లెక్క పక్కాగా ఉంటుంది.

తిండి విషయంలో ఒక పొరపాటు దాదాపు ప్రతి ఇంట్లో జరుగుతుంది. కుక్క అన్నం వదిలేస్తే కోడి, కోడి వదిలేస్తే గుడ్డు, గుడ్డు వదిలేస్తే బిస్కెట్టు. వారం తిరిగేసరికి, వదిలేస్తే ఇంకా మంచిది వస్తుందని అది నేర్చేసుకుంటుంది. రెండు కుక్కలున్నప్పుడు పక్కవాడు తినేస్తాడన్న తొందర కూడా ఉంటుంది, ఇప్పుడు ఆ పోటీ లేదు. కాబట్టి కొలత కాస్త తగ్గించి, గోరువెచ్చగా చేసి పెట్టండి, వేడికి వాసన లేస్తుంది. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి, మసాలా లేకుండా ఉడికించిన కోడి నీళ్ళు రెండు చెంచాలు కలపండి. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి, చిట్టికి అసలే రక్తం గురించి అనుమానముంది. మనవాళ్ళు ఆశపెట్టడానికి ఎండుచేప వేస్తారు, ఆ ఉప్పు వద్దు. ఇరవై నిమిషాలు ఉంచి, తినకపోతే ఏమీ అనకుండా తీసేసి, మళ్ళీ వేళకే పెట్టండి. బాగా దిగులుగా ఉన్న రోజున చేత్తో నాలుగు ముద్దలు పెట్టినా తప్పులేదు, రోజూ అదే పద్ధతి చేసుకోకండి. బ్రూనో గిన్నె పక్కనే ఖాళీగా పెట్టి ఉంటే తీసెయ్యండి.

నడక గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మన ఊళ్ళో ఇది మందు కన్నా చవక. కుక్కకి నడక అంటే కాళ్ళ పని కాదు, ముక్కు పని. వీధిలో ఒక స్తంభం దగ్గర అరనిమిషం ఆగి వాసన చూస్తుంటే తాడు లాగకండి. బ్రూనో ఎప్పుడూ ఆగే చోట్ల చిట్టి కూడా ఆగి వెతుకుతుంది, ఆగనివ్వండి. కొన్నాళ్ళకి దానికదే ముందుకి నడుస్తుంది. రోజూ పాత దారే ఉండనిచ్చి, వారానికోసారి కొత్త చోటికి తీసుకెళ్ళండి. ఈ పని మీ వారికివ్వండి. బ్రూనోతో బయటికి వెళ్ళే అలవాటున్నవాళ్ళకి ఖాళీ చేతులతో ఇంట్లో కూర్చోవడం కష్టం, పిల్ల కుక్క ఆలోచన కూడా అక్కడినుంచే వచ్చి ఉంటుందని నా అనుమానం. తెల్లవారుజామున లాసన్స్ బే వైపు ఇసుక మీదికి తీసుకెళ్ళమనండి. జాలరిపేట పడవలు, ఆరేసిన వలలు, చేపల బుట్టలు, రాత్రి పోటు తెచ్చి వదిలిన చెత్త, ఇన్ని వాసనలు ఒక్కచోట సీతమ్మధారలో ఎక్కడ దొరుకుతాయి? ఆ గంట చిట్టి వెతికేది బ్రూనోని కాదు. తాడు మాత్రం వదలొద్దు, అక్కడి కుక్కలకి వాటి హద్దులున్నాయి. వలల్లోంచి తీసి పారేసిన, బంతిలా ఉబ్బే చేప ఇసుకలో పడి ఉంటుంది, అది నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. సముద్రపు నీళ్ళు తాగనివ్వకుండా సీసాలో మంచినీళ్ళు తీసుకెళ్ళాలి. ఎండెక్కాక వద్దు. తారురోడ్డు మీద మీ చేతి వెనక భాగం కాసేపు పెట్టి ఉంచలేకపోతే దాని పాదాలూ పెట్టలేవు.

ఇంట్లో ముక్కు పని మీ అమ్మాయికి అప్పగించండి. పాత తువ్వాలులో నాలుగు ముక్కలు బిస్కెట్టు చుట్టి వదిలితే, చిట్టి దాన్ని విప్పుకోవడానికి పావుగంట పడుతుంది. అలా పని చేసి తిన్న కుక్క మధ్యాహ్నం నిద్రపోతుంది. రాత్రిళ్ళు దాని పడక మీ గదిలోకో అమ్మాయి గదిలోకో జరపండి. ఏడ్చినప్పుడు దగ్గరికి తీసుకుంటే ఏడుపు అలవాటవుతుందా అని అడుగుతారు. భయపడుతున్న కుక్కని నిమిరితే భయం పెరగదు. కాకపోతే నిశ్శబ్దంగా పడుకున్నప్పుడు కూడా వెళ్ళి నిమరండి. మనం అప్పుడు మరిచిపోతాం, గోల చేసినప్పుడే గుర్తొస్తుంది.

మనుషుల నిద్రమాత్రలు, నొప్పి మాత్రలు మాత్రం ఇవ్వకండి. పారాసిటమాల్, ఇబుప్రొఫెన్ కుక్కలకి విషం కాగలవు. రక్తం బాగుండి, ఇవన్నీ చేసినా ఆరు నుంచి ఎనిమిది వారాలకి ఏ మార్పూ లేకపోతే, కుక్కల ఆందోళనకి పశువైద్యులు రాసే మందులున్నాయి. అవి వాడటంలో నామోషీ ఏమీ లేదు.

ఇక పదిహేను వేల పిల్ల. ఇప్పుడు వద్దు. మీ వారికి నా మాటగా చెప్పండి, కారణాలు ఆయనకి నచ్చేవే. మొదటిది, ఇంట్లో పిడుదులు ఇంకా ఉన్నాయి. టీకాలు పూర్తికాని పిల్లని తెచ్చి అందులో పెట్టడం అంటే బ్రూనో జబ్బుని కొత్తదానికి అప్పజెప్పడమే. రెండోది, లాబ్ పిల్ల రోజంతా చిట్టి చెవులు, తోక పట్టుకుని లాగుతుంది. ఒంట్లో బాగాలేని కుక్కకి అది తోడు కాదు, శిక్ష. మూడోది, బ్రూనో చిట్టికి పెద్ద దిక్కు. రెండు నెలల పిల్ల ఆ స్థానంలోకి రాదు, పైగా చిట్టినే పెద్దరికం వహించమంటుంది, అది దాని స్వభావంలో లేకపోవచ్చు. ఆ అమ్మేవాళ్ళ గురించి కూడా ఒక మాట. కుక్కల పెంపకం, అమ్మకాలపై 2017లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదై ఉండాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. నమోదు కాగితం, తల్లి కుక్క, రెండూ చూపించమని అడిగితే సగం మంది ఫోను పెట్టేస్తారు.

మీ అమ్మాయి ఏడుపుకి ఇందులో జవాబు వెతకొద్దు. కొత్త కుక్క వస్తే బ్రూనోని మరిచిపోయినట్టని తన భయం. ఇప్పట్లో తేవడం లేదని మీ వారి నోటితోనే చెప్పించండి, చాలు.

కొన్ని నెలల తర్వాత మళ్ళీ ఆలోచించవచ్చు. దానికి ముందు చిట్టిని అడగండి, అంటే తెలిసినవాళ్ళ నెమ్మదైన కుక్కతో నాలుగుసార్లు పక్కపక్కన నడిపించి చూడండి. ఆ రోజు ఇంటికొచ్చాక తిండి బాగా తిని హాయిగా పడుకుంటే దానికి తోడు ఇష్టమన్నమాట. ముడుచుకుపోయి మీ కాళ్ళ వెనక దాక్కుంటే, మనుషులు చాలనుకునే కుక్క కావచ్చు, అలాంటివీ చాలా ఉన్నాయి. తేవాలనే అనుకుంటే పిల్ల కంటే మూడు నాలుగేళ్ళ నెమ్మదైన మగ కుక్క నయం. వీఎస్పీసీఏ లాంటి జంతు సంరక్షణ సంస్థల దగ్గర పెద్ద కుక్కలు ఇళ్ళ కోసం ఎదురుచూస్తుంటాయి. మొదటి పరిచయం మీ గుమ్మంలో వద్దు, రెండింటికీ సొంతం కాని ఖాళీ స్థలంలో తాళ్ళతో నడిపిస్తూ జరగాలి. గిన్నెలు, పడకలు వేరువేరు మూలల్లో పెట్టాలి. కొత్తదాని రక్తపరీక్ష అయ్యాకే ఇంట్లోకి.

ముందు మాత్రం చిట్టి రక్తపరీక్ష. రిపోర్టు రాగానే ప్లేట్‌లెట్ల సంఖ్య, హిమోగ్లోబిన్, ఆ వారం బరువు రాసి పంపండి. తలుపు దగ్గరి వీడియోలో మీరు వెళ్ళిన ఎన్ని నిమిషాలకి ఊళ మొదలైందో అదీ రాయండి. దాన్ని బట్టి మిగతాది చెబుతాను.